మేత మిగిల్చే పెట్ట

ఆ వీధిలో ఆమెను అందరూ తూకాలమ్మ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆమె పలికేది కూడా. కోళ్ల కంపెనీలో మేత తూచి పెట్టే పని చేసినందుకు వచ్చిన పేరది. పని పోయింది, పేరు ఉండిపోయింది. పేరుతోపాటు ఒక చప్పుడు కూడా ఉండిపోయింది. ఆ చప్పుడు సంగతి అత్తగారికి తప్ప ఎవరికీ తెలియదు.

మనం కొట్టు ముందు నిలబడి తొడముక్కలు ఎక్కువ వెయ్యమని అడుగుతామే, ఆ కోడికీ ఒక తల్లి ఉంటుంది. ఆ తల్లులను వేరే షెడ్డులో పెంచుతారు. పిల్ల పుట్టిన కొద్ది వారాలకే బలిసి కోతకు రావాలంటే దానికి తీరని ఆకలి ఉండాలి. ఆ ఆకలి తల్లి నుంచే రావాలి. పిల్ల ఎలాగూ ఎక్కువకాలం బతకదు. తల్లి మాత్రం గుడ్లు పెట్టినంతకాలం బతికి తీరాలి. అడిగినంత మేత పెడితే ఒళ్లు మోయలేక కాళ్లు చచ్చుబడతాయి, లేదా గుండె ఆగుతుంది. అందుకని తల్లిని బతుకంతా అరకడుపుతో ఉంచుతారు. ఇందులో దాపరికం ఏమీ లేదు. కంపెనీవాళ్లను అడిగితే చెబుతారు. అడిగే తీరిక తినేవాళ్లకే ఉండదు.

పొద్దున్నే తూచిన మేత పడుతుంది. కళ్లు మూసి తెరిచేలోగా ఊడ్చుకు తింటాయి. ఇక మర్నాటి దాకా ఖాళీ రేకు గిన్నెలను పొడుస్తూనే ఉంటాయి. షెడ్డు ఆ కొస నుంచి ఈ కొస దాకా రేకు మీద ముక్కుల చప్పుడు. వానైతే ఎప్పుడో ఒకప్పుడు తెరిపిస్తుంది. ఇది తెరిపియ్యదు.

తూకాలమ్మ ఏళ్ల తరబడి ఆ చప్పుడులోనే పనిచేసింది. లోపలికి పోయేముందు తలస్నానం చేసి కంపెనీ బట్టలు వేసుకోవాలి. బయటికొచ్చేముందు మళ్లీ స్నానం. బయటి రోగాలు లోపలికి రాకూడదని, పనివాళ్లెవరూ ఇంట్లో కోడిని పెంచకూడదని షరతు. ఇంటి వెనక రెండు పెట్టలున్నాయని తెలిసి ఒకావిడను పనిలోంచి తీసేశారు కూడా. మూత్రానికి బయటికెళ్తే తిరిగొచ్చేటప్పుడు మళ్లీ స్నానం చెయ్యాలి, ఆలస్యమైతే మాట పడాలి. అందుకని ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగడమే మానుకునేవారు. కోళ్లకు మేత కొలత, మనుషులకు నీళ్ల కొలత. ఎండాకాలంలో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే సూపర్‌వైజరు, “నీళ్లు తాగొద్దని నేనేమైనా చెప్పానా?” అనేవాడు. నిజమే, అతను చెప్పలేదు. ఏ షెడ్డులోనూ అలాంటి మాట ఎవరూ నోటితో చెప్పరు.

ఆమె భర్త కామెర్లతో పోయాడు. ఆ ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్లే. కర్మకాండలయ్యాక అత్తగారు ఒకే ఒక్కసారి అడిగింది.

“పుట్టింటికి పోతావామ్మా?”

“పొయ్యి మీద అన్నం మాడుతోంది చూడండత్తయ్యా” అంది కోడలు. ఆ సంగతి అంతటితో తేలిపోయింది.

తర్వాత కంపెనీలో గొలుసు మీద మేత దానంతటదే వచ్చి పడే యంత్రం పెట్టారు. తూచే ఆడవాళ్ల అవసరం తీరిపోయింది. చివరి రోజు, ఖాళీ చేసిన షెడ్డును ఊడుస్తుంటే గుడ్ల పెట్టెల వెనక ఒక తెల్లటి పెట్ట మిగిలిపోయి కనిపించింది. పట్టుకోవడానికి వంగితే ఆమె చొక్కా గుండీని పొడిచింది. గుండీని గింజ అనుకుంది.

“మెడ తిప్పి సంచీలో పడెయ్” అన్నాడు సూపర్‌వైజరు.

“నేను తీసుకెళ్తాను సార్.”

“తీసుకెళ్లి? మేత అయిపోయాక మీ ఇంటి గోడలు తింటుంది అది.”

“ఇంట్లో కోడి ఉండకూడదన్న షరతు నాకు ఇవాళ్టితో పోయింది కదా సార్.”

అతను నవ్వేసి గేటు వైపు చెయ్యి చూపించాడు.

గంపలోంచి తీసి వాకిట్లో దించితే అత్తగారు కళ్లు చికిలించి చూసింది. “ఇదేంటే, కోడా, దిండా?”

పెట్ట నాలుగడుగులు వేసి ఆయాసంతో కూర్చుండిపోయింది.

“పల్లకీ వస్తే గాని కదలదు కాబోలు దొరసాని” అంది అత్తగారు. అప్పటినుంచి అది దొరసాని.

ఇంటి వెనక ఇరుకైన పెరడు. ఒక మూల కట్టెలు పెట్టుకునే రేకుల చావడి. అందులో ఊక పరిచి దొరసానిని ఉంచారు. కోసుకు తినడానికేనని అత్తగారు అనుకుంది.

“కోయడానికి కాదత్తయ్యా. దీని పిల్లలు కావాలి నాకు. దీనంత లావుగా ఎదగాలి. కానీ కడుపు నిండితే నిండిందని దానికి తెలియాలి. నిండుగిన్నె ముందు నుంచి దానంతటది లేచి పోవాలి. అలాంటి పెట్ట ఒక్కటి కావాలి.”

“వచ్చాక ఏం చేస్తావు దాన్ని?”

“చూస్తాను.”

“చూసి?”

“అప్పుడైనా ఈ చప్పుడు పోతుందేమోనని.”

కోడలు అన్నం తింటూ తింటూ ముద్ద పట్టుకుని ఆగిపోవడం, తల ఒక పక్కకు వంచి వినడం అత్తగారు చూస్తూనే ఉంది. పక్కింటి దర్జీ కుట్టుమిషనులోనూ, కుళాయి కింద బిందెలోనూ, బస్సు రేకుల అదురులోనూ ఆ అమ్మాయికి అదే వినిపించేది. ఏ చప్పుడూ లేనప్పుడు ఇంకా బాగా వినిపించేది.

దొరసానికి ఎక్కువ ఆయుష్షు లేదని తూకాలమ్మకు తెలుసు. అది పోయేలోగా గుడ్లు రావాలి, వాటిలో పిల్ల పట్టాలి. కంపెనీ జాతి పుంజును చిన్న నాటుపెట్ట మీదికి వదిలితే బరువుకు పెట్ట నడుము విరుగుతుంది. పెద్ద పెట్టకు చిన్న పుంజును జత చెయ్యడమే మేలు. పక్కింటి దర్జీ దగ్గర ఎర్రటి నాటుపుంజు ఒకటుంది. చెప్పిన మాట వినదని దాన్ని అతను మొండోడు అనేవాడు. చంకలో పెట్టుకుని తెచ్చి పెరట్లో వదిలాడు.

“పెళ్లికొడుకు నిచ్చెన తెచ్చుకోవడం మర్చిపోయాడు వదినా” అన్నాడు.

“నీ పెళ్లిలో నువ్వు పీటెక్కి తాళి కట్టలేదేంట్రా” అంది అత్తగారు లోపలి నుంచి. దర్జీ పొట్టివాడు, భార్య ఆజానుబాహువు. అతనే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

నవ్వులాట బాగానే ఉంది గాని పని కాలేదు. మొండోడు ఎక్కేవాడు, జారేవాడు. దొరసానికి వాడి ధ్యాసే లేదు. దాని లోకమంతా ఆ ఖాళీ గిన్నె. పెట్టిన గుడ్లను దర్జీ ఇంట్లో పొదగడానికి కూర్చున్న నాటుపెట్ట కింద పెట్టారు. దొరసాని జాతికి పొదిగే బుద్ధి ఎప్పుడో పోయింది. కొన్నాళ్లకు తూకాలమ్మ ఆ గుడ్లను దీపానికి అడ్డుపెట్టి చూస్తే లోపల నరం లేదు, మచ్చ లేదు. వట్టి పచ్చసొన. ఒక్కదాంట్లోనూ పిల్ల పట్టలేదు.

ఆమె దర్జీ దగ్గర కత్తెర అడిగి తెచ్చి, మొండోడికి అడ్డు రాకుండా దొరసాని తోక కింద గుబురుగా ఉన్న మెత్తటి ఈకలు కత్తిరించింది.

“పెళ్లికూతురి బట్టలు కుట్టాం గాని, కత్తిరించిన కత్తెర మా ఇంటా వంటా లేదు వదినా” అన్నాడు దర్జీ.

గిన్నెను చావడిలోంచి తీసి పెరడు ఆ చివర గోడకు చేర్చింది. ఇప్పుడు దొరసాని మేతకోసం లేచి నడవక తప్పదు. ఆ నడకలో మొండోడికి వీలు దొరికింది. తర్వాత పెట్టిన గుడ్లను కొన్నాళ్లు పొదిగించి దీపానికి అడ్డుపెడితే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి. వాటిని జాగ్రత్తగా మళ్లీ నాటుపెట్ట కింద సర్దింది.

ఇదంతా జరుగుతున్నంతకాలం దొరసాని ఆకలితోనే ఉంది. తూకాలమ్మ పొద్దున్నే చిన్న రేకు డబ్బాతో మేత కొలిచి పోసి, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనికి పోయేది. ఆమెకు దొరికిన కొత్త పని అది. ఆమె వెళ్లాక పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారూ, ఆ టకటకా.

“నా ఇంట్లో ఒక ప్రాణి ఇట్లా గిన్నె పొడుచుకుంటూ కూర్చోడమేమిటమ్మా. వినలేకపోతున్నాను.”

“కడుపు నిండితే చచ్చిపోతుందత్తయ్యా.”

“ఆకలికి చచ్చినవాళ్లను చూశాను. కడుపు నిండి చచ్చినవాళ్లను ఇంతవరకూ చూళ్లేదు.”

ఆవిడ చూసిందన్నది నిజం. చిన్నప్పుడు వానల్లేని ఏడు, ఇంట్లో గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉండగా, ఆవిడ తమ్ముడు ఖాళీ పళ్లెం ముందు వేసుకుని కూర్చునేవాడట. ఆ ఏడు దాటలేదు వాడు. అందుకే ఆవిడ ఈనాటికీ గిన్నె బోర్లించదు. తడి గిన్నెను కూడా వెల్లకిలానే పెడుతుంది.

ఒక సాయంత్రం తూకాలమ్మ పని నుంచి వచ్చి పెరటి తలుపు తీసి, గడపలోనే నిలబడిపోయింది. చప్పుడు లేదు. దొరసాని చావడి నీడలో ప్రశాంతంగా కళ్లు మూసుకుని ఉంది. గిన్నె గోడ పక్కన ఒంటరిగా పడి ఉంది.

మర్నాడూ లేదు, ఆ తర్వాతా లేదు. కొలిచి పెట్టినదానికి అలవాటు పడిందని అనుకుంది. ఈకలు నిగనిగలాడుతున్నాయి. చెవిలో చప్పుడు కూడా పలచబడుతున్నట్టు తోచింది. ముద్ద పట్టుకుని ఆగిపోవడం తగ్గింది. షెడ్డులో ఉన్నప్పుడు వారం వారం కోళ్లను ఎత్తి కాటాలో పెట్టిన చేతులవి. ఒక్కసారి దొరసాని పొట్ట కింద చెయ్యి పెట్టి లేపితే చాలు, తెలిసిపోయేది. లేపలేదు. తూకాలమ్మ అని పేరున్న మనిషి ఆ ఒక్క కోడిని తూచలేదు. లేకలేక దొరికిన నిశ్శబ్దాన్ని ఎత్తి చూడటానికి ఆమెకు మనసొప్పలేదు.

ఎండ బాగా కాసిన రోజు ఆమె ఇంటికొచ్చేసరికి అత్తగారు చావడిలో ఊక మీద కూర్చుని ఉంది. చేతిలో తడిగుడ్డ. ముందు దొరసాని, రెక్కలు పరుచుకుని, నోరు తెరుచుకుని. పక్కనే ఉన్న నీళ్ల చిప్పలో నీళ్లు అలాగే ఉన్నాయి.

తూకాలమ్మ అప్పుడు దాన్ని ఎత్తింది. ఎత్తగానే అర్థమైంది. మెడ కింద మేతసంచి గట్టిగా, నిండుగా చేతికి తగిలింది.

“ఎన్నాళ్ల నుంచి పెడుతున్నారు?”

“నీ డబ్బా నువ్వు పోసి వెళ్లాక, నా దోసిలి నేను పోశాను. అడిగినప్పుడల్లా పోశాను.”

“చెప్పాను కదా చచ్చిపోతుందని. ఎన్నిసార్లు చెప్పాను!”

“చెప్పావమ్మా. నేనే నమ్మలేదు. అన్నం పెడితే చచ్చే ప్రాణిని మనుషులు తయారు చేస్తారని ఎట్లా నమ్మను?”

అత్తగారు తడిగుడ్డను మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

“అది చప్పుడు మానేసిందని నీకూ తెలుసు. నువ్వు మాత్రం ఎందుకని అడగలేదే?”

తూకాలమ్మ కోడిని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడింది. చీకటి పడేలోగా దొరసాని ఊపిరి ఆగింది. మెతుకు పారెయ్యని ఇల్లది. అయినా దొరసానిని కోద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. గోడ వారగా గొయ్యి తీసి పూడ్చారు.

తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. ఉప్పు అయిపోయింది, కుళాయి వచ్చింది, తలుపు వెయ్యండి, అంతవరకే. దొరసాని లేదు, గిన్నె ఎండలో బోసిగా ఉంది, చప్పుడు మాత్రం తిరిగొచ్చింది. ఇదివరకటి కంటే దగ్గరగా, గోడ వారనున్న మట్టిలోంచి వస్తున్నట్టు వినిపించేది. ఇద్దరికీ మిగిలిన ఆశ దర్జీ ఇంట్లో నాటుపెట్ట కింద ఉన్న ఆ గుడ్లే. అత్తగారు రోజూ వెళ్లి ఆ గంప దగ్గర కూర్చునేది. “ముసలమ్మ కూడా పొదుగుతానంటోంది వదినా” అని దర్జీ హాస్యమాడినా ఈసారి ఆవిడ గంప మీంచి చూపు తిప్పలేదు.

కొన్ని పెంకులోనే పోయాయి. కొన్ని చిట్లి పిల్లలు బయటికొచ్చాయి. లేతపసుపు ఒంటి మీద ఎర్రమట్టి చారలు, లావుపాటి కాళ్లు. నాటుపెట్ట తన పిల్లలే అనుకుని రెక్కల కిందికి తీసుకుంది. అవి నాటుపిల్లల కంటే వేగంగా ఎదిగాయి, కంపెనీ పిల్లల కంటే గట్టిగా నడిచాయి. తూకాలమ్మ కళ్లలో కొంచెం వెలుగొచ్చింది. కానీ పిల్లలు తల్లిని విడిచి తూకాలమ్మ పెరట్లోకి వచ్చి మేత గిన్నెకు అలవాటు పడగానే ఆమె మళ్లీ రేకు డబ్బా చేతికి తీసుకుంది. కొలిచి పోసింది. అవి క్షణంలో తినేసి ఖాళీ గిన్నెను పొడవడం మొదలుపెట్టాయి.

చిన్న ముక్కులు, సన్నటి చప్పుడు. అదే చప్పుడు.

ఆమె చెవులు మూసుకుంది. “తల్లి రక్తమే అత్తయ్యా. మొండోడి రక్తం ఏమీ చెయ్యలేకపోయింది. ఇవీ అంతే.”

పూడ్చిన రోజు తర్వాత అత్తగారు మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

“అంతే అని నీకెవరు చెప్పారు? ఏనాడైనా గిన్నె నిండా పోశావా? కొలిచి పెట్టినంతకాలం ఏ ప్రాణైనా గిన్నె పొడుస్తుంది. నేనైనా పొడుస్తాను. కంపెనీవాళ్లూ ఇట్లాగే కొలిచి పెట్టి, దానికి ఆకలి ఎక్కువన్నారు. ఇప్పుడు నువ్వూ అదే అంటున్నావు.”

“మళ్లీ చస్తే?”

“చస్తే ఈసారి ఇద్దరం కలిసి చంపినట్టు. నాకు తెలియకుండా నువ్వు కొలవొద్దు, నీకు తెలియకుండా నేను పొయ్యను.”

మర్నాడు ఇద్దరూ కలిసి నూకలూ తవుడూ కలిపి గిన్నె అంచుదాకా పోశారు. తూకాలమ్మ చేతులు గిన్నె నింపడం ఎన్నడూ ఎరగవు.

మొదట్లో అవి గిన్నె చుట్టూనే పడి తిన్నాయి. తిని అక్కడే ఒరిగి, లేచి మళ్లీ తిన్నాయి. తల్లి రంగంతా పుణికిపుచ్చుకున్న తెల్లటి పుంజుపిల్ల ఒకటి అసలు తల ఎత్తలేదు. కొన్నాళ్లకు దాని కాళ్లు చెరోవైపు జారాయి. పొట్టమీద పాకుతూ వచ్చి మరీ తినేది. తూకాలమ్మ దాన్ని తన చేత్తోనే కోసి దర్జీ ఇంటికి పంపింది. కూర బ్రహ్మాండంగా ఉందని దర్జీ గోడ మీంచి కేకేస్తే, ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ పూట అత్తగారు గిన్నె నింపలేదు. కోడలు బయటికొచ్చేదాకా గిన్నె పక్కనే కూర్చుంది. కోడలు వచ్చి తవుడు బస్తా మూతి విప్పింది. ఇద్దరూ కలిసే పోశారు.

ఇటుక రంగు పెట్టపిల్ల ఒకటుండేది. ఒంటికి తల్లి లావు వస్తోంది, చూపు మాత్రం మొండోడిది. సెలవురోజు మధ్యాహ్నం అత్తాకోడళ్లు వెనక గుమ్మంలో కూర్చుని చూస్తున్నారు. ఆ పెట్ట గిన్నె దగ్గర కాసేపు తింది. తల ఎత్తింది. ముక్కును నేలకు అటొకసారి ఇటొకసారి తుడుచుకుంది. గిన్నెలోకి ఒంటి కంటితో చూసింది. గిన్నెలో మేత ఉంది. పెట్ట వెనక్కి తిరిగి గోడ నీడలోకి నడిచి వెళ్లి, మట్టి గీరుకోవడం మొదలుపెట్టింది.

“నిండిందన్నమాట” అంది అత్తగారు మెల్లగా.

“ఉండండి. మళ్లీ వస్తుందేమో.”

రాలేదు. మట్టిలో గుంట చేసుకుని, ఒక పక్కకు ఒరిగి, రెక్క చాచి దుమ్ము పోసుకుంటోంది. దొరసానిని పూడ్చిన చోటుకు అది కాస్త ఎడంగా ఉంది. గిన్నెలో మేత మీద ఈగ వాలింది.

“పోయిందామ్మా?” అడిగింది అత్తగారు. ఏది అని చెప్పనక్కర్లేదు.

తూకాలమ్మ తల ఒక పక్కకు వంచి విన్నది. దర్జీ భోజనానికి లేచినట్టున్నాడు, మిషను ఆగి ఉంది. కుళాయి లేదు. వీధిలో బండి లేదు. మిగతా కోళ్లు చావడి కింద కునుకుతున్నాయి.

“లేదత్తయ్యా.”

“ఇట్లాంటిదాన్ని ఒక్కటి చూస్తే పోతుందన్నావు.”

“అనుకున్నాను.” దుమ్ములో పొర్లుతున్న పెట్టను చూపించింది. “ఇది లేచి వెళ్లింది. షెడ్డులో ఉన్నవి ఎక్కడికి వెళ్తాయి? ఇప్పుడు కూడా పొడుస్తూనే ఉంటాయి కదా. నేను పని మానేస్తే అవి మానేస్తాయా?”

అత్తగారు కొంచెం దగ్గరగా జరిగింది. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగింది.

“ఎట్లా ఉంటుందది? నాకూ వినిపించు.”

తూకాలమ్మ గడప పక్కనున్న రేకు డబ్బా అందుకుంది. తలకిందులు చేసి, వేలిగోటితో దాని అడుగు మీద కొట్టింది. టక్. టక్‌టక్. ఆగి, టక్. ఏ తాళానికీ లొంగకుండా, ఏదో దొరుకుతుందన్నట్టు, దొరకలేదన్నట్టు.

చావడి కింద కోళ్లన్నీ ఉలిక్కిపడి లేచాయి. ఇటుక రంగు పెట్ట దుమ్ములోంచి తల ఎత్తి చూసింది. చూసి, మళ్లీ మెడ వాల్చింది.

అత్తగారు చెయ్యి చాచి కోడలి వేళ్లు గట్టిగా పట్టుకుంది. చప్పుడు ఆగింది.

“ఇది నాకు తెలుసు” అంది. “మా తమ్ముడు పళ్లెం మీద ఇట్లాగే కొట్టేవాడు.”